బిల్డ్ మధ్యలో గిట్ దొరక్కపోతే: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఇంజినీరింగ్ చదివే పిల్లలు, ఇక్కడి చిన్న ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు, ఇంట్లో కూర్చుని బెంగళూరు, చెన్నై కంపెనీలకి కోడ్ రాసేవాళ్లు అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. భాషలు వేరు, టూల్స్ వేరు. తవ్వి చూస్తే అన్నిచోట్లా ఒకటే తేలుతుంది: కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చే బిల్డ్ స్క్రిప్ట్ ఎక్కడో గిట్‌ని (కోడ్‌లో మార్పుల చరిత్ర దాచే టూల్) పిలుస్తుంది, ఆ మెషిన్‌లో గిట్ ఉండదు, లేదా గిట్ ఉన్నా దానికి కావాల్సిన చరిత్ర ఉండదు. కమాండ్లన్నీ తెలుగు అక్షరాల్లో రాశాను. టెర్మినల్లో కొట్టేటప్పుడు ఇంగ్లిష్‌లో కొట్టండి.

బిల్డ్ గిట్ గురించి ఏదో చెప్పి ఆగిపోయింది. మొదట ఏం చూడాలి?

ఎర్రర్ మొత్తం చదవండి. ముఖ్యంగా గిట్ పేరు మొదటిసారి కనిపించిన లైన్ చదవండి. చివరి లైన్‌లో సాధారణంగా బిల్డ్ టూల్ గోడే ఉంటుంది. కారణాలు నాలుగు, దేని పరిష్కారం దానిదే.

"కమాండ్ నాట్ ఫౌండ్" అని, ఎగ్జిట్ కోడ్ (కమాండ్ ముగిసేటప్పుడు ఇచ్చే నంబర్) 127 వస్తే గిట్ ప్రోగ్రామే లేదు, లేదా ఉన్నా పాత్‌లో (కమాండ్ల కోసం మెషిన్ వెతికే ఫోల్డర్ల జాబితా) లేదు. "ఫేటల్: నాట్ ఎ గిట్ రిపాజిటరీ" అంటే గిట్ ఉంది, మీరున్న ఫోల్డర్‌లో గానీ దాని పైన గానీ చరిత్ర దాచే .గిట్ లేదు, అంటే అది రిపాజిటరీ కాదు. "నో నేమ్స్ ఫౌండ్, కెనాట్ డిస్క్రైబ్ ఎనీథింగ్" అంటే గిట్టూ .గిట్టూ రెండూ ఉన్నాయి, ట్యాగులు (వెర్షన్లకి పెట్టిన పేర్లు) రాలేదు. "డిటెక్టెడ్ డ్యూబియస్ ఓనర్‌షిప్" అంటే అన్నీ ఉన్నాయి, ఆ ఫోల్డర్ మీది కాదేమోనని గిట్ అనుమానిస్తోంది. ఈ చివరి మూడింటికీ ఎగ్జిట్ కోడ్ 128 ఒకటే. అందుకే నంబర్ చూసి తేల్చుకోకుండా వాక్యం చదవమంటున్నాను.

కంగారులో చాలామంది గిట్‌ని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. మొదటి కారణానికి తప్ప మిగతా మూడింటికీ దానివల్ల ఉపయోగం లేదు.

కోడంతా నా దగ్గరే ఉంది కదా, బిల్డ్‌కి గిట్‌తో పనేంటి సార్?

రెండు పనులుంటాయి. ఈ రెండింటినీ విడదీసి చూడటం అలవాటైతే మిగతా పేజీలో సగం మీకే తడుతుంది.

మొదటిది వెర్షన్ ముద్ర. ఈ ప్రోగ్రామ్ ఏ కమిట్ (గిట్‌లో దాచిన ఒక్కో మార్పు) నుంచి తయారైందో దాని లోపలే రాసిపెట్టడానికి స్క్రిప్ట్, ట్యాగ్‌ని బట్టి వెర్షన్ చెప్పే "గిట్ డిస్క్రైబ్" లాంటి కమాండ్ నడుపుతుంది. రెండోది, కావాల్సిన వేరే కోడ్‌ని తేవడం: సబ్‌మాడ్యూల్స్ (మన రిపాజిటరీలో జోడించిన వేరే రిపాజిటరీలు), గిట్ చిరునామాతో ఇచ్చిన పైథాన్, నోడ్ లైబ్రరీలు, సీమేక్ అనే బిల్డ్ టూల్ డౌన్‌లోడ్ చేసే ప్రాజెక్టులు.

ముద్ర దొరకలేదని బిల్డ్ ఆగిపోవడం అన్యాయం. కోడ్ అందుకున్నవాడు దాన్ని కంపైల్ చేసుకోగలగాలి. రాసినవాడి దగ్గరున్న పనిముట్లన్నీ వాడి దగ్గర కూడా ఉండాలని పట్టుబట్టకూడదు. రెండో పనిలో మాత్రం ఏమాత్రం మొహమాటం వద్దు. తేవాల్సిన కోడ్ రాకపోతే బిల్డ్ అక్కడికక్కడే, కారణం చెప్పి ఆగాలి. మన స్క్రిప్టుల్లో ఎక్కువగా ఇది తలకిందులుగా ఉంటుంది: ముద్ర కోసం బిల్డ్ ఆగిపోతుంది, సబ్‌మాడ్యూల్ ఖాళీగా ఉన్నా ముందుకెళ్లి ఎక్కడో హెడర్ ఫైల్ లేదని ఏడుస్తుంది.

సీనియర్ ప్రాజెక్టు జిప్ చేసి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు. ల్యాబ్‌లో బిల్డ్ అవ్వట్లేదు. "గిట్ ఇనిట్" కొట్టమన్నారు. కొట్టొచ్చా?

వద్దు. అది గిట్‌హబ్ (గిట్ ప్రాజెక్టులు ఉంచే సైట్) నుంచి దించిన జిప్ అయి ఉంటుంది, దాంట్లో .గిట్ ఫోల్డర్ ఉండదు, సబ్‌మాడ్యూల్స్ కూడా ఉండవు. అక్కడ "గిట్ ఇనిట్" కొడితే కొత్త ఖాళీ రిపాజిటరీ తయారై "రిపాజిటరీ కాదు" అన్న ఎర్రర్ పోయి "ట్యాగులు లేవు" అన్న ఎర్రర్ వస్తుంది. దాన్ని కూడా నోరు మూయించడానికి ఒక కమిట్ చేసి ట్యాగ్ పెడితే బిల్డ్ నడుస్తుంది, కానీ ఆ ప్రోగ్రామ్ మీద పడే కమిట్ నంబర్ ప్రపంచంలో ఇంకెక్కడా లేనిది. రేపు వైవాలోనో, క్లయింట్ ముందో "ఇది ఏ కోడ్?" అని అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు.

నెట్ ఉంటే క్లోన్ చేసుకోండి, అంటే చరిత్రతో సహా రిపాజిటరీ కాపీ తెచ్చుకోండి. లేకపోతే స్క్రిప్టుకి వెర్షన్‌ని చేత్తో ఇచ్చే దారి ఉందేమో వెతకండి. మంచి ప్రాజెక్టుల్లో ఉంటుంది. అదీ లేకపోతే సీనియర్‌ని ఇంకో రకంగా ఇవ్వమనండి: "గిట్ బండిల్ క్రియేట్" కమాండ్ చరిత్ర మొత్తాన్ని ఒకే ఫైల్‌లో పెడుతుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, నెట్ అక్కర్లేకుండా దాని నుంచే క్లోన్ చేసుకోవచ్చు. హాస్టల్ వైఫై మీద ఆధారపడే పిల్లలకి ఇది నిజంగా పనికొచ్చే కమాండ్, ఎందుకో ఎవరూ చెప్పరు.

మరి నా స్క్రిప్ట్ వెర్షన్‌ని ఎక్కడి నుంచి తీసుకోవాలి?

వరసగా నాలుగు చోట్ల వెతకాలి. వరస మారకూడదు.

ముందు, బయటి నుంచి ఎవరైనా ఇచ్చారా చూడాలి. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ గానీ కమాండ్ లైన్ ఆప్షన్ గానీ కావచ్చు. ఇస్తే అదే ఖాయం, ఇక ఏదీ వెతకొద్దు. డెబియన్ లాంటి లినక్స్ డిస్ట్రిబ్యూషన్లకి ప్యాకేజీలు కట్టేవాళ్లు నెట్ లేని చోట, .గిట్ లేని ఆర్కైవ్ (జిప్ లాంటి కట్ట) నుంచి బిల్డ్ చేస్తారు. వాళ్లకి ఈ ఒక్క దారి ఇస్తే చాలు, మీ స్క్రిప్ట్‌కి ప్యాచ్ వేయాల్సిన అవసరం ఉండదు.

రెండోది, కోడ్‌తో పాటు వచ్చిన వెర్షన్ ఫైల్. రిలీజ్ ఆర్కైవ్ తయారుచేసేటప్పుడే, అంటే గిట్ కచ్చితంగా చేతిలో ఉన్న చోటే, వెర్షన్‌ని ఒక ఫైల్‌లో రాసి ఆర్కైవ్‌లో పెట్టేయాలి. చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో డబ్బా మీద బ్యాచ్ నంబర్ అక్కడే కొట్టి పంపుతారు. డబ్బా తెరిచినవాడు నంబర్ కోసం తోట దాకా వెళ్లడు. ఇదీ అంతే.

మూడోది గిట్. నాలుగోది, ఏదీ దొరకనప్పుడు నిజాయితీగా "తెలియదు" అని చెప్పడం.

ఇదేదో నేను కనిపెట్టిన పద్ధతి కాదు. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో మొదలుపెట్టిన గిట్ ప్రాజెక్టు సొంత సోర్స్‌లోనే "గిట్-వెర్షన్-జెన్" అని ఒక చిన్న స్క్రిప్ట్ ఉంది. అది ముందు "వెర్షన్" అనే ఫైల్ కోసం చూస్తుంది, లేకపోతే "గిట్ డిస్క్రైబ్" నడుపుతుంది, అదీ కుదరకపోతే స్క్రిప్ట్‌లోనే రాసిపెట్టిన డిఫాల్ట్ వెర్షన్ తీసుకుంటుంది. గిట్‌ని మొదటిసారి కంపైల్ చేసుకునే మెషిన్‌లో గిట్ ఉండకపోవచ్చని వాళ్లు ముందే ఆలోచించారు. మన ప్రాజెక్టులకి ఆ ఆలోచన ఇంకా ఎక్కువ అవసరం.

వెర్షన్ ఫైల్ విషయంలో ఒక జాగ్రత్త. దాన్ని గిట్‌లోకి కమిట్ చేయకండి, మీరు రోజూ పనిచేసే ఫోల్డర్‌లో వదిలేయకండి కూడా. ఫైల్‌కి గిట్ కన్నా ముందు ప్రాధాన్యం ఇచ్చాం కాబట్టి, పాత ఫైల్ అక్కడ పడి ఉంటే ఎన్ని కొత్త కమిట్లు చేసినా పాత వెర్షనే పడుతూ ఉంటుంది. రిలీజ్ స్క్రిప్ట్ దాన్ని నేరుగా ఆర్కైవ్ కోసం వేసిన తాత్కాలిక ఫోల్డర్‌లోనే రాయాలి.

గిట్‌హబ్‌లో డౌన్‌లోడ్ బటన్ నొక్కి తీసుకునే జిప్‌లో కూడా వెర్షన్ ఉండేలా చేయొచ్చా?

చేయొచ్చు, పని కూడా తక్కువే. ఒక ఫైల్‌లో డాలర్ గుర్తుల మధ్య "ఫార్మాట్:%హెచ్" అని రాసి, .గిట్‌యాట్రిబ్యూట్స్‌లో ఆ ఫైల్ పేరు ఎదురుగా "ఎక్స్‌పోర్ట్-సబ్‌స్ట్" అని పెట్టండి. ఆర్కైవ్ తయారయ్యేటప్పుడు గిట్ అక్కడ అసలు కమిట్ హ్యాష్ (కమిట్ గుర్తింపు నంబర్) నింపుతుంది. గిట్ 2.32 నుంచి "%(డిస్క్రైబ్)" అని కూడా రాయొచ్చు, అప్పుడు ట్యాగ్‌తో సహా పూర్తి వెర్షన్ వస్తుంది.

మామూలు క్లోన్‌లో ఆ ఫైల్ నింపకుండానే, డాలర్ గుర్తులతో అలాగే ఉంటుంది. స్క్రిప్ట్ అది గమనించి "ఇది నింపలేదు, గిట్‌ని అడుగుతాను" అని ముందుకెళ్లాలి. ఈ ఒక్క తనిఖీ మరిచిపోతే ప్రోగ్రామ్ వెర్షన్ అడిగినప్పుడు డాలర్ గుర్తే జవాబుగా వస్తుంది.

గిట్ ఉందో లేదో స్క్రిప్ట్‌లో ఎట్లా కనుక్కోవాలి? "విచ్ గిట్" సరిపోతుందా?

"విచ్" అన్ని చోట్లా ఉండదు, ఉన్నా అన్ని చోట్లా ఒకేలా ప్రవర్తించదు. "కమాండ్ -వి గిట్" వాడండి, అది యూనిక్స్ తరహా సిస్టమ్‌లకి ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్‌లో ఉంది. అయినా ఇది సగం జవాబే. మ్యాక్‌లో కమాండ్ లైన్ టూల్స్ వేయకపోయినా గిట్ పేరుతో ఒక ఫైల్ ఉంటుంది. నడిపితే "ఎక్స్‌క్రన్: ఎర్రర్" అని తిప్పికొడుతుంది. అందుకే ఫైల్ ఉందా అని కాకుండా "గిట్ --వెర్షన్" నడిచిందా అని చూడండి.

తర్వాతి తప్పు: .గిట్ అనే డైరెక్టరీ ఉందా అని చూడటం. సబ్‌మాడ్యూల్‌లోనూ, "గిట్ వర్క్‌ట్రీ"తో వేసిన ఫోల్డర్‌లోనూ .గిట్ ఒక చిన్న ఫైల్‌గా ఉంటుంది. డైరెక్టరీ కోసం వెతికే తనిఖీ అక్కడ "రిపాజిటరీ లేదు" అని తప్పు చెబుతుంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇంకొకటి ఉంది. గిట్ తానున్న ఫోల్డర్‌లో .గిట్ లేకపోతే పైకి పైకి వెతుక్కుంటూ వెళ్తుంది. మీ లైబ్రరీ ఆర్కైవ్‌ని ఎవరో తమ సొంత ప్రాజెక్టు ఫోల్డర్ లోపల విప్పారనుకోండి. "గిట్ డిస్క్రైబ్" ఏ ఎర్రర్ లేకుండా వాళ్ల ప్రాజెక్టు వెర్షన్‌ని తెచ్చి మీ లైబ్రరీకి అంటగడుతుంది. ఎర్రర్ వస్తే కనీసం తెలుస్తుంది. ఇది తెలియను కూడా తెలియదు. స్క్రిప్ట్ ఉన్న ఫోల్డర్‌లోంచి "గిట్ రెవ్-పార్స్ --షో-ప్రిఫిక్స్" నడపండి. మీ ఫోల్డరే రిపాజిటరీ పైభాగమైతే అది ఖాళీగా వస్తుంది. ఏదైనా దారి పేరు వచ్చిందంటే మీరు ఇంకొకరి రిపాజిటరీ లోపల ఉన్నారు, గిట్ చెప్పే వెర్షన్ వదిలేయండి.

ఏ కమాండ్ ఫెయిలైనా స్క్రిప్ట్ ఆగాలని "సెట్ -ఇ" పెట్టాను. గిట్ ఫెయిలైనా స్క్రిప్ట్ ఆగలేదు, వెర్షన్ ఖాళీగా వచ్చింది. ఎందుకు?

"ఎక్స్‌పోర్ట్ వెర్షన్=" అని ఒకే లైన్‌లో గిట్ కమాండ్‌ని పెట్టి ఉంటారు. అప్పుడు షెల్ చూసేది "ఎక్స్‌పోర్ట్" గెలిచిందా లేదా అని. లోపల గిట్ ఓడిపోయిన సంగతి దానికి పట్టదు. ఫంక్షన్ లోపల "లోకల్" వాడినా ఇదే కథ. ముందు విలువను మామూలుగా తీసుకోండి, ఎక్స్‌పోర్ట్ తర్వాతి లైన్‌లో చేయండి.

గిట్ ఇచ్చినదాన్ని పైప్‌తో "సెడ్"కి పంపినా ఇదే జరుగుతుంది, పైప్‌లో చివరి కమాండ్ ఫలితమే లెక్కలోకి వస్తుంది. బాష్‌లో "సెట్ -ఓ పైప్‌ఫెయిల్" పెడితే సరిపోతుంది.

బిల్డ్ టూల్స్‌లో, అంటే మేక్‌ఫైల్‌లో, సీమేక్‌లో, మెసన్‌లో?

గ్నూ మేక్‌లో "షెల్" ఫంక్షన్ గిట్ లేకపోయినా బిల్డ్‌ని ఆపదు, ఖాళీ విలువ ఇస్తుంది. కాబట్టి విలువ ఖాళీగా ఉందా అని మీరే చూసుకోవాలి. మేక్ 4.2 నుంచి ".షెల్‌స్టేటస్" అనే వేరియబుల్‌లో ఎగ్జిట్ కోడ్ కూడా దొరుకుతుంది. వెర్షన్ వేరియబుల్‌ని ప్రశ్నార్థకం-సమానం గుర్తుతో ఇస్తే ఎన్విరాన్‌మెంట్ నుంచి వచ్చినదానికి గౌరవం దక్కుతుంది.

సీమేక్‌లో ముద్ర కోసమైతే "ఫైండ్_ప్యాకేజ్(గిట్ క్వయెట్)" రాయండి, "రిక్వయర్డ్" రాయొద్దు. తర్వాత గిట్ దొరికితేనే నడిపి, రిజల్ట్ వేరియబుల్ చూడండి. ఇంకో సంగతి: ఇదంతా కాన్ఫిగర్ దశలో ఒక్కసారే నడుస్తుంది, కొత్త కమిట్ చేసి మళ్లీ బిల్డ్ చేస్తే పాత హ్యాషే ఉండిపోవచ్చు. ప్రతి బిల్డ్‌కీ నడిచే కస్టమ్ టార్గెట్‌లో పెట్టుకోవడం మేలు.

మెసన్‌లో "వీసీఎస్_ట్యాగ్" ఉంది. గిట్ దొరక్కపోతే ప్రాజెక్టు వెర్షన్‌కి తానే తగ్గుతుంది. ముగ్గురిలో దీనికే నా ఓటు.

మావెన్ (జావా బిల్డ్ టూల్), గో, రస్ట్ వాడేవాళ్ల సంగతి?

మావెన్‌లో గిట్-కమిట్-ఐడి ప్లగిన్ మామూలుగా జేగిట్ అనే జావా లైబ్రరీతో పనిచేస్తుంది, కాబట్టి గిట్ ప్రోగ్రామ్ అక్కర్లేదు. కానీ .గిట్ ఫోల్డర్ లేకపోతే బిల్డ్ ఆపేస్తుంది. "ఫెయిల్‌ఆన్‌నోగిట్‌డైరెక్టరీ"ని ఫాల్స్ చేస్తే ఆగదు.

గో 1.18 నుంచి బైనరీలో వెర్షన్ కంట్రోల్ సమాచారం తనంతట తానే రాస్తుంది. "ఎర్రర్ అబ్‌టైనింగ్ వీసీఎస్ స్టేటస్: ఎగ్జిట్ స్టేటస్ 128" అని వస్తే "-బిల్డ్‌వీసీఎస్=ఫాల్స్" పెట్టమని అదే చెబుతుంది. తొందరపడి పెట్టకండి. డాకర్ లాంటి కంటైనర్‌లో (మెషిన్ లోపల విడిగా నడిచే చిన్న వాతావరణం) ఈ ఎర్రర్ వస్తే ముందుగా ఓనర్‌షిప్ గొడవేమో చూడండి, అది సరిచేస్తే ముద్ర కూడా దక్కుతుంది.

రస్ట్‌లో కార్గో తన లోపలే లిబ్‌గిట్2 పెట్టుకుంటుంది, లైబ్రరీలు తేవడానికి గిట్ ప్రోగ్రామ్ అక్కర్లేదు. మీ బిల్డ్ స్క్రిప్ట్ గిట్‌ని పిలిస్తే అది మీ బాధ్యత.

నా ల్యాప్‌టాప్‌లో బిల్డ్ అవుతుంది, డాకర్‌లో అవ్వదు.

డాకర్‌లో రెండు వేర్వేరు లోపాలు ఒకేసారి ఉండటం మామూలు. ఒకటి, స్లిమ్, ఆల్పైన్, ఉబుంటు బేస్ ఇమేజ్‌ల్లో (కంటైనర్ మొదలయ్యే మూసలు) గిట్ ఉండదు. రెండు, .డాకర్‌ఇగ్నోర్‌లో .గిట్ రాసి ఉంటుంది కాబట్టి ఆ ఫోల్డర్ లోపలికి రాదు. గిట్ ఇన్‌స్టాల్ చేశాక రెండోది బయటపడుతుంది. అప్పుడు .డాకర్‌ఇగ్నోర్ నుంచి ఆ లైన్ తీసేస్తారు. చరిత్ర మొత్తం బిల్డ్‌లోకి వస్తుంది. ఫైనల్ ఇమేజ్‌లోకి కాపీ అయితే, ఎప్పుడో పొరపాటున కమిట్ చేసి తర్వాత తీసేసిన పాస్‌వర్డ్ కూడా దాంతో పాటే వెళ్తుంది.

నా సలహా: డాకర్ లోపల గిట్‌ని అడగనే వద్దు. బయట, మీ మెషిన్‌లోనో సీఐలోనో (ప్రతి మార్పుకీ తనంతట తానే బిల్డ్ చేసే సర్వర్) "గిట్ డిస్క్రైబ్" నడిపి, ఫలితాన్ని "--బిల్డ్-ఆర్గ్"తో లోపలికి పంపండి. డాకర్‌ఫైల్‌లో దానికి ఒక "ఆర్గ్" లైన్ ఉంటే చాలు. ఆ లైన్‌ని వీలైనంత కిందకి పెట్టండి, లేకపోతే ప్రతి కమిట్‌కీ క్యాష్ పోయి ప్యాకేజీలన్నీ మళ్లీ దిగుతాయి. మొబైల్ డేటాతో బిల్డ్ చేసేవాళ్లకి ఆ తేడా బిల్లులో కనిపిస్తుంది.

గిట్‌హబ్ యాక్షన్స్‌లో (గిట్‌హబ్ సీఐ) వెర్షన్ వట్టి హ్యాష్‌గా వస్తోంది. ట్యాగ్ ఏమైంది?

కోడ్‌ని తెచ్చే చెకౌట్ యాక్షన్ మామూలుగా చివరి కమిట్ ఒక్కటే తెస్తుంది. "ఫెచ్-డెప్త్: 0" పెడితే చరిత్రా ట్యాగులూ మొత్తం వస్తాయి. గిట్‌ల్యాబ్‌లో కూడా కొత్త ప్రాజెక్టులకి డెప్త్ 20 ఉంటుంది. ట్యాగ్ అంతకన్నా వెనక ఉంటే దొరకదు. అప్పటికే తక్కువ లోతుతో క్లోన్ చేసి ఉంటే "గిట్ ఫెచ్ --అన్‌షాలో --ట్యాగ్స్" కొట్టండి. రిపాజిటరీ మరీ పెద్దదై నెట్ నెమ్మదిగా ఉంటే క్లోన్‌లో "--ఫిల్టర్=బ్లాబ్:నన్" వాడండి. కమిట్లూ ట్యాగులూ అన్నీ వస్తాయి, పాత ఫైళ్ల బరువు రాదు.

చాలామందికి తెలియని మలుపు ఒకటుంది. కంటైనర్‌లో జాబ్ నడుపుతున్నప్పుడు అక్కడ గిట్ 2.18 గానీ అంతకన్నా కొత్తది గానీ లేకపోతే, చెకౌట్ యాక్షన్ ఫెయిల్ కాదు. ఏపీఐ ద్వారా ఫైళ్లు మాత్రం దించి, పచ్చ టిక్కు చూపిస్తుంది. .గిట్ ఉండదు. తర్వాతి దశలో గిట్ ఇన్‌స్టాల్ చేసి "రిపాజిటరీ ఎందుకు లేదు?" అని జుట్టు పీక్కుంటారు. గిట్ ఇన్‌స్టాల్ చెకౌట్‌కి ముందే జరగాలి.

"డ్యూబియస్ ఓనర్‌షిప్" అంటోంది. నా ఫోల్డరే కదా?

2022 ఏప్రిల్‌లో వచ్చిన గిట్ 2.35.2 నుంచి ఈ తనిఖీ ఉంది. సీవీఈ-2022-24765 అనే భద్రతా లోపానికి మందుగా తెచ్చారు. పదిమంది వాడే కంప్యూటర్‌లో ఎవరో పై ఫోల్డర్‌లో ఒక .గిట్ సృష్టించి అందులో తమ కమాండ్లు పెడితే, కింద మీరు గిట్ నడిపినప్పుడు అవి మీ పేరుతో నడిచే ప్రమాదం ఉండేది. కాలేజీ ల్యాబ్ అంటే సరిగ్గా అలాంటి కంప్యూటరే, కాబట్టి ఈ తనిఖీని విసుక్కోకండి.

డాకర్‌లో ఫోల్డర్ మీ యూజర్‌ది, లోపల నడిచేది రూట్. అక్కడ పొంతన కుదరదు. పెన్‌డ్రైవ్ మీదైతే ఫ్యాట్ ఫార్మాట్‌లో ఫైల్ ఎవరిదన్న వివరమే ఉండదు, విండోస్‌లో గిట్ ఆ మాటే చెబుతుంది. కోడ్‌ని హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకుని పనిచేయండి. తప్పనిసరైతే "గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ --యాడ్ సేఫ్.డైరెక్టరీ" తర్వాత ఆ ఒక్క ఫోల్డర్ దారి ఇవ్వండి. నక్షత్రం గుర్తు పెడితే అన్ని ఫోల్డర్లనీ నమ్మినట్టే. వాడి పారేసే కంటైనర్‌లో పర్వాలేదు, ల్యాబ్ మెషిన్‌లో పెట్టకండి.

మొబైల్ యాప్‌లు కట్టే ఫ్లట్టర్ "అనేబుల్ టు ఫైండ్ గిట్ ఇన్ యువర్ పాత్" అంటోంది.

ఫైనలియర్ పిల్లలు ఎక్కువగా అడిగేది ఇదే. ఫ్లట్టర్ ఎస్‌డీకే ఫోల్డరే ఒక గిట్ రిపాజిటరీ. తన వెర్షన్ తెలుసుకోవడానికి, అప్‌గ్రేడ్ కావడానికి అది గిట్ మీదే ఆధారపడుతుంది. ఇక్కడ గిట్ లేకుండా నడిపే దారి వెతకొద్దు, ఇన్‌స్టాల్ చేయండి. తర్వాత టెర్మినల్‌నీ వీఎస్ కోడ్‌నీ పూర్తిగా మూసి తెరవండి, తెరిచి ఉన్న విండోకి కొత్త పాత్ తెలియదు. చోటు కలిసొస్తుందని ఎస్‌డీకేలో .గిట్ ఫోల్డర్ తీసేసి ఉంటే మాత్రం ఎస్‌డీకే మళ్లీ దించుకోవాల్సిందే.

ల్యాబ్ మెషిన్‌లో అడ్మిన్ పాస్‌వర్డ్ లేదు. గిట్ ఎట్లా వేసేది?

గిట్ ఫర్ విండోస్‌లో పోర్టబుల్ వెర్షన్ ఉంది. మీ ఫోల్డర్‌లో విప్పి, దాని "సీఎండీ" ఫోల్డర్‌ని మీ యూజర్ పాత్‌లో చేర్చండి. అడ్మిన్ అక్కర్లేదు. ల్యాబ్ ఇన్‌ఛార్జికి ఒక మాట చెప్పి చేయండి.

పైథాన్ లైబ్రరీలు దించే పిప్ "కెనాట్ ఫైండ్ కమాండ్ గిట్" అంటోంది. నేను గిట్ వాడనే లేదే?

మీరు వాడలేదు, రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌లో ఒక లైన్ "గిట్+హెచ్‌టీటీపీఎస్" అని మొదలవుతోంది. ఆ లైబ్రరీ పైపీఐలో (పైథాన్ లైబ్రరీల గోదాం) దొరికితే అక్కడి వెర్షన్ రాయండి. దొరక్కపోతే గిట్‌హబ్ ట్యాగ్ ఆర్కైవ్ చిరునామా ఇవ్వొచ్చు, దానికి గిట్ అక్కర్లేదు. కానీ ఆ లైబ్రరీ, గిట్ నుంచి వెర్షన్ తీసే సెటప్‌టూల్స్-ఎస్‌సీఎం వాడితే ఆర్కైవ్‌లో .గిట్ లేక వెర్షన్ కనుక్కోలేకపోవచ్చు. ఒక ముడి విప్పితే ఇంకోటి పడుతుంది. అప్పుడు "సెటప్‌టూల్స్_ఎస్‌సీఎం_ప్రిటెండ్_వెర్షన్" అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో అసలు వెర్షన్ పెట్టండి. పేరులో నటన ఉన్నా విలువ నిజమైనదే ఇవ్వండి.

పాత నోడ్ ప్రాజెక్టు. గిట్ ఉంది, నెట్ ఉంది, అయినా లైబ్రరీ దిగట్లేదు.

చిరునామా "గిట్://" అని మొదలవుతోందేమో చూడండి. భద్రత లేని ఆ ప్రోటోకాల్‌ని గిట్‌హబ్ 2022 మార్చి 15న పూర్తిగా ఆపేసింది. ప్యాకేజీ ఫైల్ మీ చేతిలో ఉంటే "హెచ్‌టీటీపీఎస్" చేయండి. లోపలి లైబ్రరీల్లో ఎక్కడో ఉంటే గిట్ కాన్ఫిగ్‌లోని "ఇన్‌స్టెడ్ఆఫ్" సెట్టింగ్‌తో పాత చిరునామాని కొత్తదానికి మళ్లించండి.

చిరునామా చివర బ్రాంచ్ పేరు ఉంటే అదీ అనుమానించాల్సిందే. మాస్టర్ అన్న బ్రాంచ్ చాలా ప్రాజెక్టుల్లో ఇప్పుడు మెయిన్ అయింది. బ్రాంచ్ ఈ రోజు ఒకటి ఇస్తుంది, రేపు ఇంకోటి ఇస్తుంది. ట్యాగ్‌ని కూడా యజమాని జరపగలడు. పూర్తి కమిట్ హ్యాష్ రాసుకోండి.

డిపెండెన్సీలని (మన కోడ్‌కి కావాల్సిన వేరే లైబ్రరీలు) ఆర్కైవ్‌గా దించి హ్యాష్ సరిచూసుకుంటే గిట్ బాధే ఉండదు కదా?

చాలావరకు నిజం, నాకూ ఆ పద్ధతి ఇష్టం. సీమేక్ ఫెచ్‌కంటెంట్‌లో గిట్ రిపాజిటరీ బదులు యూఆర్ఎల్, యూఆర్ఎల్_హ్యాష్ ఇస్తే గిట్ అక్కర్లేదు. అయితే ఏ ఆర్కైవ్ అన్నది ముఖ్యం. గిట్‌హబ్ అప్పటికప్పుడు తయారుచేసిచ్చే ఆర్కైవ్‌ల బైట్లు ఎప్పటికీ అలాగే ఉంటాయని నమ్మకండి. 2023 జనవరి 30న కంప్రెస్ చేసే పద్ధతి మారడంతో లోపలి ఫైళ్లు అవే ఉన్నా చెక్‌సమ్‌లు (ఆర్కైవ్ బైట్ల నుంచి లెక్కించే హ్యాష్‌లు) మారిపోయి, లోకమంతా బిల్డులు విరిగాయి. వాళ్లు ఆ మార్పుని వెనక్కి తీసుకున్నారు. రిలీజ్ పేజీలో ప్రాజెక్టు వాళ్లే అప్‌లోడ్ చేసిన ఫైల్ ఉంటే దాన్ని వాడండి.

మనుషులు పెట్టిన ఆర్కైవ్ గిట్‌లో ఉన్న కోడే అని కూడా గుడ్డిగా నమ్మలేం. 2024 మార్చిలో బయటపడిన, ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్‌లోని వెనకతలుపు (దొంగచాటుగా పెట్టిన కోడ్), 5.6.0, 5.6.1 వెర్షన్లలోది, రిలీజ్ ఆర్కైవ్‌లో మాత్రమే ఉన్న ఒక బిల్డ్ ఫైల్ ద్వారా మేల్కొనేది. గిట్‌లో ఆ ఫైల్ అలా లేదు. ముఖ్యమైన డిపెండెన్సీలకి రెండింటినీ ఒకసారి పోల్చి చూసుకుని, తర్వాత హ్యాష్ రాసుకోండి.

సబ్‌మాడ్యూల్ ఫోల్డర్ ఖాళీగా ఉంది.

"గిట్ సబ్‌మాడ్యూల్ అప్‌డేట్ --ఇనిట్ --రికర్సివ్". జిప్ నుంచి వచ్చిన కోడ్ అయితే ఇది పనిచేయదు, క్లోన్ చేయాలి. మీరు స్క్రిప్ట్ రాసేవాళ్లయితే మొదట్లోనే ఆ ఫోల్డర్‌లో తెలిసిన ఒక ఫైల్ ఉందేమో చూసి, లేకపోతే ఈ కమాండ్‌నే ఎర్రర్‌లో రాసి ఆపండి. స్క్రిప్ట్ తనంతట తానే నెట్‌లోకి వెళ్లి తెచ్చేయడం నాకు నచ్చదు. బిల్డ్ చేసేవాళ్లకి చెప్పకుండా వాళ్ల డేటా ఖర్చు చేయకూడదు.

ఆఫీసులో ఇంకా ఎస్‌వీఎన్ (గిట్ లాంటి పాత టూల్) ఉంది. అక్కడా ఇదేనా?

ఇదే, ఒక ఉచ్చు అదనం. "ఎస్‌వీఎన్‌వెర్షన్" కమాండ్‌ని వర్కింగ్ కాపీ కాని ఫోల్డర్‌లో నడిపితే ఫెయిల్ కాకుండా "అన్‌వెర్షన్డ్ డైరెక్టరీ" అని ప్రింట్ చేసి, విజయం అని చెప్పి వెళ్తుంది. ఆ మాటే మీ ప్రోగ్రామ్ వెర్షన్ అయిపోతుంది. ఫలితం అంకెతో మొదలైందో లేదో చూడండి.

ఏదీ దొరకనప్పుడు "1.0" అనో ఈ రోజు తేదీ అనో పెడితే తప్పేంటి?

అబద్ధం అవుతుంది. రేణిగుంట వైపు ఎలక్ట్రానిక్స్ యూనిట్లలో బోర్డులకి ఫర్మ్‌వేర్ (బోర్డు లోపల నడిచే ప్రోగ్రామ్) రాసే పిల్లలకి నేను గట్టిగా చెప్పేది ఇదే. బోర్డు ఫ్యాక్టరీ దాటిపోయాక దాని లోపల ఏముందో చెప్పేది ఆ ఒక్క ముద్రే. "1.0" అని ఉంటే చూసినవాడు నమ్ముతాడు, పాత కోడ్‌లో తప్పు వెతుకుతూ కూర్చుంటాడు. "అన్‌నోన్" అని ఉంటే కనీసం అనుమానిస్తాడు.

తేదీ పెడితే ఒకే కోడ్ నుంచి రెండు రోజుల్లో రెండు వేర్వేరు బైనరీలు వస్తాయి, ఒకటే కోడ్ అని రుజువు చేసుకోలేరు. తేదీ కావాలంటే చివరి కమిట్ సమయం వాడండి, "గిట్ లాగ్ -1 --ఫార్మాట్=%సీటీ" ఇస్తుంది. గిట్ లేని చోట "సోర్స్_డేట్_ఈపాక్" వేరియబుల్ చూడండి, ఈ పనికోసమే అందరూ ఒప్పుకున్న పేరు అది.

ఇక, సొంతానికి చేసుకునే బిల్డ్‌కీ బయటికిచ్చే బిల్డ్‌కీ తేడా ఉండాలి. సొంత బిల్డ్‌లో వెర్షన్ దొరక్కపోతే ఒక హెచ్చరిక చాలు. కస్టమర్‌కి వెళ్లే బిల్డ్‌లో "అన్‌నోన్" గానీ "డర్టీ" (కమిట్ చేయని మార్పులున్నాయన్న గుర్తు) గానీ ఉంటే రిలీజ్ స్క్రిప్ట్ ఒప్పుకోకూడదు.

ఇవన్నీ సరిగా పనిచేస్తున్నాయని ఎట్లా పరీక్షించాలి?

గిట్ లేని చోట నడిపి చూడటమే. ఉబుంటు ఇమేజ్‌తో ఒక కంటైనర్ తెరిచి, కంపైలర్ మాత్రం వేసి, గిట్ వేయకుండా బిల్డ్ చేయండి. "గిట్ ఆర్కైవ్"తో తీసిన ఫైల్‌ని టెంప్ ఫోల్డర్‌లో విప్పి ఒకసారి, ఏదైనా వేరే రిపాజిటరీ లోపల విప్పి ఇంకోసారి. "--డెప్త్ 1"తో క్లోన్ చేసి ఒకసారి; లోకల్ ఫోల్డర్ నుంచి క్లోన్ చేస్తే చిరునామా ముందు "ఫైల్://" పెట్టాలి, లేకపోతే గిట్ డెప్త్‌ని పట్టించుకోదు. ప్రతిసారీ తయారైన ప్రోగ్రామ్‌ని వెర్షన్ అడిగి, వచ్చిన జవాబు చదవండి. బిల్డ్ పాసైందన్నది ఇక్కడ లెక్క కాదు. ఈ నాలుగూ సీఐలో పెట్టేస్తే తర్వాత స్క్రిప్ట్ మార్చినవాళ్లకి అదే చెబుతుంది.